ఫోటోకూ చలానాకూ మధ్య: వాహనదారులపై పౌరుల ఫిర్యాదుల గురించి డీజీపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,

విషయం: తోటి వాహనదారులపై పౌరులు చేసే ఫిర్యాదులు, వాటి విచారణ

రోడ్డు మీద ఒకరు చేసిన తప్పును మరొకరు పోలీసులకు తెలపడానికి తెలంగాణలో ఇప్పుడు మూడు దారులున్నాయి. అపాయం కళ్లముందే కనిపిస్తుంటే 112కు ఫోన్ చేస్తారు. పాత అలవాటు పోనివాళ్లు 100 నొక్కుతారు. అంత తొందర లేనప్పుడు ఫోటోనో వీడియోనో తీసి ట్రాఫిక్ పోలీసుల వాట్సాప్‌కో, ఎక్స్ ఖాతాకో, ఫేస్‌బుక్ పేజీకో పంపుతారు. మూడోది పోలీసు శాఖ సొంత యాప్ హాక్ ఐ. ఏ దారిన వచ్చినా ఆ ఫిర్యాదు సమాచారం మాత్రమే. తప్పు జరిగిందో లేదో తేల్చడం, తేలాక ఏం చేయాలో నిర్ణయించడం అధికారి పని. ఆచరణలో ఈ విచారణ మెట్టు కనిపించడం లేదు. నంబరు స్పష్టంగా కనబడితే చలానా వెళ్తుంది, లేకపోతే ఫిర్యాదు ఏమైందో ఎవరికీ తెలియదు.

పౌరుల ఫోటోలతో చలానాలు రాయడం దేశంలో మొదలై పదిహేనేళ్లు దాటింది. 2010లో కామన్వెల్త్ క్రీడలకు ముందు ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచారు. ట్రాఫిక్ కబుర్లు చెప్పుకోవడానికి పెట్టిన ఆ పేజీని జనం తప్పుల ఫోటోలతో నింపేశారు. తొలి నెలల్లోనే వాటి ఆధారంగా వందల చలానాలు వెళ్లాయి. హెల్మెట్ లేకుండా బండి నడిపిన పోలీసుల ఫోటోలు కూడా అందులో పడ్డాయన్నది ఆ ప్రయోగంలో మెచ్చుకోదగిన సంగతి. హైదరాబాద్ పోలీసుల హాక్ ఐ 2015 నాటికి వచ్చింది. అదే ఏడాది బెంగళూరులో పబ్లిక్ ఐ, డిసెంబరులో ఢిల్లీలో ట్రాఫిక్ సెంటినెల్ మొదలయ్యాయి. 2017లో గోవా కూడా సెంటినెల్ పేరుతోనే పాయింట్లు, బహుమతుల పథకం పెట్టింది. ఢిల్లీ పథకం 2024 సెప్టెంబరులో ట్రాఫిక్ ప్రహరీ అనే కొత్త పేరుతో మళ్లీ వచ్చింది.

ఈ పథకాలన్నిటికీ ఆధారం ఫోన్ కెమెరా. అది పట్టగలిగే తప్పులు వేరు, మనుషుల ప్రాణాలు తీసే తప్పులు చాలావరకు వేరు. హెల్మెట్ లేకపోవడం, ముగ్గురు ఎక్కడం, నో పార్కింగ్, జీబ్రా క్రాసింగ్ మీద ఆగడం, నంబర్ ప్లేటు వంచేయడం లేదా దాని మీద మాస్కు తగిలించడం: ఇవి ఒక్క ఫోటోలో తెలిసిపోతాయి. వేగం తెలియదు. తాగి ఉన్నాడా లేదా తెలియదు. మలుపులో ఎదురుగా లారీ వస్తుండగా ఓవర్‌టేక్ చేసినవాణ్ని ఫోటో తీసే వ్యవధి ఎవరికీ ఉండదు. ఉన్నా, ఆ సమయంలో ఫోన్ పట్టుకున్నవాడు తన స్టీరింగ్ వదిలినట్టే. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. వాట్సాప్‌కు వచ్చే ఫోటోల్లో అతివేగం వాటా దాదాపు సున్నా కాక తప్పదు.

హెల్మెట్ తేలిక విషయమని దీని అర్థం కాదు. అదే ఏడాది హెల్మెట్ లేక 50,029 మంది ప్రాణాలు పోయాయి. కాని హెల్మెట్ పెట్టుకోనివాడు ముందు తన తలనే పణంగా పెడుతున్నాడు. అతన్ని పట్టుకోవడానికి చౌరస్తాలో కెమెరా ఉంది, హోంగార్డు ఉన్నాడు. పౌరుడి కన్ను నిజంగా అవసరమయ్యేది పోలీసు లేనిచోట ఇతరుల ప్రాణం మీదికి తెచ్చేవాడి విషయంలో. రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టరు, రాత్రి లైట్లు లేకుండా హైవే పక్కన నిలిపిన లారీ, పరిమితికి మించి పిల్లల్ని కుక్కిన స్కూల్ ఆటో, ఫోన్‌లో వీడియో చూస్తూ బస్సు నడిపే డ్రైవరు అలాంటివి. బస్సు లోపల జరిగేది చౌరస్తా కెమెరాకు అందదు. ముందు సీట్లో కూర్చున్న ప్రయాణికుడికే కనబడుతుంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. డ్యాష్‌క్యామ్ ఉన్నది కారుకు, ఫోటోలో సులభంగా పడేది బైకు. కారు అద్దాల వెనక సీటు బెల్టు పెట్టుకున్నారో లేదో కనబడదు. బైకు మీద మనిషి మొత్తం కనబడతాడు. వచ్చినదాన్ని వచ్చినట్టు చలానాగా మార్చే పద్ధతిలో భారమంతా డెలివరీ కుర్రాళ్ల మీద, చిన్న ఉద్యోగుల మీద పడుతుంది. అది ఎవరూ ఉద్దేశించి చేసిన అన్యాయం కాకపోవచ్చు, కాని ఫలితం అదే.

ఇక చట్టం. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 136ఏ సెక్షన్ చేరింది. దాన్ని అమలు చేయడానికి 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోకి 167ఏ వచ్చింది. స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, స్పీడ్ గన్, పోలీసు ఒంటిమీది కెమెరా, డ్యాష్‌బోర్డు కెమెరా, నంబర్ ప్లేటు చదివే యంత్రం వంటివాటితో చలానా రాయాలంటే పరికరానికి ఆమోద పత్రం ఉండాలని ఆ నిబంధన చెప్పింది. తప్పూ నంబర్ ప్లేటూ స్పష్టంగా కనిపించే చిత్రం, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం నోటీసుతో ఉండాలి; నోటీసు 15 రోజుల్లో వెళ్లాలి. ప్రభుత్వం పెట్టిన కెమెరాకే ఇన్ని షరతులున్నప్పుడు, ఏ ఆమోదమూ లేని ఫోన్‌తో దారిన పోయే మనిషి తీసిన ఫోటో మీద అంతకంటే తక్కువ పరిశీలనతో జరిమానా వేయడం ఎలా కుదురుతుంది?

సాక్ష్యం సంగతి ఇంకా చిక్కు. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో తేల్చింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కూడా ఆ షరతును ఉంచింది. పైగా ఫైలులో మార్పు జరగలేదని చూపే హ్యాష్ విలువను ధ్రువపత్రంలోనే రాయమంటోంది. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే దాని సైజు తగ్గిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు తీశారో చెప్పే లోపలి వివరాలు రాలిపోతాయి. అంటే జనం ఎక్కువగా వాడే దారే సాక్ష్యంగా అన్నిటికంటే బలహీనమైనది. వాహనదారుడు జరిమానా కట్టేసినంతకాలం ఈ లోపం బయటపడదు. ఒక్కరు కోర్టుకు వెళ్తే చాలు.

నంబరు దొరికినంత మాత్రాన మనిషి దొరకడు. చలానా వెళ్లేది యజమాని పేరు మీద. తప్పు చేసింది డ్రైవరు. ఆ క్షణాన బండి ఎవరు నడిపారో చెప్పవలసిన బాధ్యతను మోటారు వాహనాల చట్టంలోని 133వ సెక్షన్ యజమాని మీద పెట్టింది, పోలీసు అధికారి అడిగితే. ఆ అడగడమే అరుదు. మన ఊళ్లలో బండి బావమరిది తీసుకెళ్తాడు, పక్కింటివాడు తీసుకెళ్తాడు. అమ్మేసిన బండి ఏళ్ల తరబడి పాత యజమాని పేరు మీదే తిరుగుతుంది. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలని 50వ సెక్షన్ చెబుతున్నా, సంతకం చేసిన కాగితాలు బ్రోకరు సొరుగులో పడి ఉంటాయి. దొంగ నంబరు తగిలించుకుని తిరిగేవాళ్లు వేరే. తనది కాని బండి ఫోటో ఉన్న చలానా అందుకుని, అది తనది కాదని నిరూపించడానికి స్టేషన్ చుట్టూ తిరిగే మనిషి ఈ రాష్ట్రంలో అపరిచితుడేమీ కాదు. పౌరుల ఫిర్యాదులు పెరిగేకొద్దీ ఈ తిరుగుళ్లూ పెరుగుతాయి, మధ్యలో చూసే అధికారి లేకపోతే.

కావాలని తప్పుడు ఫిర్యాదు చేసేవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ ఉంది. ఇంకొకరికి హాని జరగాలని అధికారికి అబద్ధపు సమాచారం ఇస్తే ఏడాది వరకు జైలు, పదివేల వరకు జరిమానా పడవచ్చు. పార్కింగ్ దగ్గర తగాదాపడ్డ ఇరుగుపొరుగులు, అద్దెకున్నవాళ్ల మీద కోపమున్న యజమానులు పంపే ఫోటోల్లో చాలావరకు ఈ సెక్షన్‌కు అందవు, ఎందుకంటే ఫోటోలోని తప్పు నిజమే. నిజమైన తప్పును పగతో చెప్పడం నేరం కాదు. అందుకే చెప్పినవాడి మనసు చూడకుండా చెప్పిన విషయాన్ని చూసే పద్ధతి కావాలి.

అలాంటి పద్ధతి బ్రిటన్‌లో ఉంది. 2016లో వేల్స్‌లో మొదలైన ఆపరేషన్ స్నాప్ తర్వాత ఇంగ్లండ్ పోలీసు విభాగాల్లోకీ పాకింది. డ్యాష్‌క్యామ్ ఉన్న డ్రైవర్లు, హెల్మెట్ మీద కెమెరా పెట్టుకున్న సైకిలిస్టులు వీడియోలు పంపుతారు. ఎడిట్ చేయని వీడియో కావాలి. ఘటనకు ముందు వెనకల భాగం కూడా ఉండాలి. పంపినవారు సాక్షి వాంగ్మూలం ఇవ్వాలి, అవసరమైతే కోర్టుకు రావడానికి సిద్ధపడాలి. వీడియోను సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దని పోలీసులు చెబుతారు. పెడితే కేసు చెడుతుంది. చర్య తీసుకునే ఉద్దేశం ఉందన్న నోటీసు 14 రోజుల్లో వెళ్లాలి కాబట్టి ఫిర్యాదు ఆలస్యం చేయడానికి లేదు. వీడియో చూసిన అధికారి హెచ్చరిక లేఖతో సరిపెట్టవచ్చు, డ్రైవరును శిక్షణ తరగతికి పంపవచ్చు, జరిమానా వేయవచ్చు, కోర్టుకు పంపవచ్చు, ఏమీ చేయనక్కర్లేదని తేల్చనూ వచ్చు. ఇక్కడ గమనించవలసింది టెక్నాలజీ కాదు. ఫిర్యాదుదారు తన మాటకు తాను బాధ్యత వహిస్తాడు, అధికారి తన నిర్ణయానికి తాను. ఈ రెండూ ఉన్నప్పుడు జరిమానా పడ్డవాడు కూడా పెద్దగా గొణగడు.

దక్షిణ కొరియా వెళ్లిన దారి వేరు. 2001 మార్చిలో అక్కడి ప్రభుత్వం ట్రాఫిక్ తప్పు ఫోటోకు 3,000 వోన్‌ల చొప్పున బహుమతి ప్రకటించింది. ఊహించదగినదే జరిగింది: ఫోటోలు తీయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు పుట్టుకొచ్చారు. కారునూ పాపరాజీనీ కలిపి వాళ్లకు కార్పరాజీ అని పేరుపెట్టారు. వాళ్లు ప్రమాదకరమైన డ్రైవర్ల కోసం వెతకలేదు. గీతలు సరిగా లేక జనం తికమకపడే చోటు చూసుకుని అక్కడ కెమెరా బిగించి కూర్చున్నారు. రెండేళ్లు నిండకముందే బహుమతిని ప్రభుత్వమే ఎత్తేయవలసి వచ్చింది. అదే కొరియా 2019 ఏప్రిల్‌లో మరింత తెలివైన పని చేసింది. అగ్నిమాపక నీటి కుళాయి దగ్గర, కూడలి మూలలో, బస్టాపులో, జీబ్రా క్రాసింగ్ మీద నిలిపిన వాహనాలు: ఈ నాలుగింటికే పరిమితం చేసి, యాప్‌లోనే ఒకే చోటు నుంచి నిమిషం తేడాతో తీసిన రెండు ఫోటోలుంటే అధికారి అక్కడికి వెళ్లకుండానే జరిమానా వేయవచ్చంది. ఫోటో తనంతట తానే రుజువు చేయగల తప్పుల్ని విడదీసి, వాటికే ఆ సౌలభ్యం ఇచ్చారు. డబ్బు ఆశ లేదు.

ఈ అనుభవం ఇరవై ఏళ్ల నాటిదైనా కొత్త పథకాలు మళ్లీ డబ్బు దగ్గరే మొదలవుతున్నాయి. వియత్నాం 2025 జనవరి నుంచి సమాచారం ఇచ్చినవారికి జరిమానాలో 10 శాతం వరకు, 50 లక్షల డాంగ్‌ల పరిమితితో, చెల్లించే వీలు కల్పించింది. ఢిల్లీ ట్రాఫిక్ ప్రహరీలో నెలకు మొదటి బహుమతి 50,000 రూపాయలు. నెలకు ఎక్కువ ఫోటోలు పంపినవాడికి బహుమతి అంటే తేలిగ్గా దొరికే తప్పుల్ని ఎక్కువగా పంపమనే అర్థం. రాత్రివేళ ఒక్క రాంగ్ రూట్ లారీ గురించి 112కు చెప్పినవాడు ఆ లెక్కలో అట్టడుగున ఉంటాడు. తెలంగాణలో ఇలాంటి నగదు ఆలోచన ఎప్పుడైనా ముందుకొస్తే దాన్ని అక్కడే ఆపేయడం మంచిది.

ఫిర్యాదు చేసినవారి భద్రత సంగతి వీటన్నిటికంటే బరువైనది. గోవాలో ఫోటోలు పంపే సెంటినెళ్ల మీద జనం చేయిచేసుకున్న ఘటనలు జరిగాయి. హైదరాబాద్‌లో ఎవరు ఫోటో తీశారో తెలియకపోవచ్చు. మండల కేంద్రంలో తెలియకుండా ఉండదు. ఇసుక ట్రాక్టరు ఎవరిదో, ఆ ఫోన్ ఎవరు చేశారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సాంకేతిక రక్షణ కూడా గట్టిదేం కాదు. 2024లో హాక్ ఐ యాప్‌లోని వినియోగదారుల వివరాలు చోరీ అయ్యాయి. నిందితుణ్ని జూన్‌లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పట్టుకుంది. పట్టుకోవడం మెచ్చుకోదగినదే. కాని ఫిర్యాదుదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న యాప్ నుంచి సమాచారం ఒకసారి బయటికి పోయిందన్న నిజం అలాగే ఉంది.

ఇక్కడ చట్టంలో ఒక వింత ఖాళీ కనిపిస్తుంది. ప్రమాదం జరిగాక బాధితుణ్ని ఆసుపత్రికి చేర్చినవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. వాళ్ల పేరు, చిరునామా చెప్పమని ఏ పోలీసూ బలవంతం చేయకూడదని 2020లో వచ్చిన 168వ నిబంధన అంటుంది. ప్రమాదం జరగకముందే హెచ్చరించినవాడికి ఆ పాటి రక్షణ రాసిపెట్టిన నిబంధన లేదు. కేంద్రం చట్టం మార్చేదాకా ఆగనక్కర్లేదు. ఫిర్యాదుదారు వివరాలు విచారణాధికారిని దాటి ఎవరికీ కనబడకూడదని, చలానా మీద పౌరుడు తీసిన ఫోటో వేసేటప్పుడు తీసిన కోణాన్నిబట్టి మనిషిని పోల్చుకునే వీలుంటే దాన్ని బయటపెట్టకూడదని శాఖ తన సిబ్బందికి ఆదేశించవచ్చు. కేసు కోర్టుకు వెళ్లి సాక్షిగా రావలసివస్తే మాత్రం పేరు దాగదు. ఆ సంగతి ఫిర్యాదు తీసుకునేటప్పుడే చెప్పడం న్యాయం.

112కు వచ్చే ఫోన్ల విషయం వేరుగా చూడాలి. అక్కడ సాక్ష్యం అక్కర్లేదు, అడ్డుకోవడం కావాలి. అందుకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోటు దొరకదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు ఎక్కినవాడు ఎక్కడో ఒక ఇంటర్‌చేంజ్ దగ్గర టోల్ దాటే దిగాలి. 120 కిలోమీటర్ల వేగం అనుమతించిన రోడ్డు మీద తూలుతూ పోతున్న కారు నంబరు ఎవరైనా చెబితే, ఆ నంబరును టోల్ ప్లాజాలకూ పెట్రోలింగ్ వాహనానికీ వెంటనే చేర్చడమే పని. దిగేచోట ఆపి శ్వాస పరీక్ష చేస్తే చాలు. ఫిర్యాదుదారు సాక్ష్యంతో అవసరం లేదు, ఎందుకంటే యంత్రమే చెబుతుంది. జిల్లాల్లో జాతీయ రహదారుల మీదా టోల్ ప్లాజాలున్నాయి. ఫోన్ చేసినవాణ్ని మీ పేరేమిటి, ఏ స్టేషన్ పరిధి అని అడుగుతూ కూర్చుంటే ఆ కారు నాలుగు కిలోమీటర్లు పోతుంది.

ఫిర్యాదుల నుంచి చలానాలు కాక ఇంకోటి కూడా రాబట్టవచ్చు, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒకే చోటు నుంచి రాంగ్ రూట్ ఫోటోలు వారం వారం వస్తుంటే ఆ చోటును చూడాలి. కూడలి మూసేసి యూటర్న్‌ను చాలా దూరం జరిపినచోట, అవతలి వైపు పెట్రోల్ బంకో స్కూలో ఉన్నచోట, జనం ఎదురు దారి పడతారు. ప్రతి ఒక్కరికీ చలానా రాయవచ్చు. మరుసటి రోజు ఇంకొందరు వస్తారు. అక్కడ తప్పు రోడ్డుది. అలాంటి చోట్ల జాబితాను మున్సిపల్, రోడ్లు భవనాల శాఖల ఇంజనీర్లకు నెలనెలా పంపితే ఫిర్యాదుకు చలానా కంటే ఎక్కువ ఫలితం దక్కుతుంది. కొరియా కార్పరాజీలు సొమ్ము చేసుకున్నది సరిగ్గా ఇలాంటి చోట్లనే.

ఫిర్యాదుదారుకు జవాబు ఇవ్వడం మరచిపోయిన మర్యాద. సంబంధిత స్టేషన్‌కు పంపించామన్న ఒక్క వాక్యంతో వ్యవహారం ముగుస్తోంది. చలానా వేశామో, హెచ్చరించామో, సాక్ష్యం చాలక వదిలేశామో చెప్పడానికి నిందితుడి పేరు బయటపెట్టనక్కర్లేదు. జవాబు రానివాడు రెండోసారి స్టేషన్‌కు రాయడు, వీడియోను నేరుగా ఎక్స్‌లో పెడతాడు. అక్కడ విచారణకు బదులు తిట్లు ఉంటాయి.

రాయితీల సంగతి చెప్పక తప్పదు. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ద్విచక్ర వాహనాలకు 80, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు 90 శాతం. బకాయిలు వసూలై ఉండవచ్చు. వెంటనే కట్టినవాడు తెలివితక్కువవాడని కూడా అందరికీ అర్థమైంది. కట్టకుండా దాచుకుంటే తగ్గిపోయే చలానా కోసం పౌరుడు ఎందుకు శ్రమపడి వీడియో పంపాలి? పౌరుల ఫిర్యాదుల మీద విచారించి వేసిన జరిమానాలనైనా ఇలాంటి రాయితీల నుంచి మినహాయించాలని శాఖ ప్రభుత్వానికి రాయవచ్చు.

నంబర్ ప్లేటు లేని పోలీసు జీపు, సిగ్నల్ దాటిన ప్రభుత్వ కారు, ఫుట్‌పాత్ మీద నిలిపిన అధికారి బండి గురించి వచ్చే ఫిర్యాదులకు వేరే కొలత ఉండకూడదు. వాటిని అదే స్టేషన్‌కు పంపితే ఏమవుతుందో శాఖకు తెలుసు. వేరే విభాగపు అధికారి చూడాలి.

చేయవలసినవాటిలో ఎక్కువ భాగానికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఫిర్యాదును అసలు ఫైలుగా తీసుకునే ఒకే దారి, కమిషనరేట్‌కో జిల్లాకో ఒక పరిశీలనాధికారి, ఫోటోతోనే రుజువయ్యే తప్పుల చిన్న జాబితా, మిగతావాటికి యజమానిని 133వ సెక్షన్ కింద అడిగాకే చర్య, 15 రోజుల గడువు, తొలి తప్పుకు హెచ్చరిక లేఖ పంపే వెసులుబాటు, ఫిర్యాదుదారు పేరుకు రక్షణ, తుది జవాబు. ఇవన్నీ డీజీపీ కార్యాలయం నుంచి వెళ్లే ఒక సర్క్యులర్‌లో పట్టేవే. ఆ సర్క్యులర్‌ను జారీ చేసి, తెలుగులో ప్రజలందరికీ అందుబాటులో ఉంచవలసిందిగా విజ్ఞప్తి.